బాదం వాసన తెలియని అమ్మాయి

2022 వేసవి. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. ఎల్‌బీ నగర్ పక్కన ఒకప్పుడు మా తాతగారి పొలాలు ఉండేవి. ఇప్పుడు అదే నేల మీద కిరాయి ఇంట్లో ఉంటున్నాను. ఆ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరినీ బతిమాలడం మా ఇంట్లో అలవాటు లేదు.

ఆ పరీక్షలో పేరు చెప్పకుండా ఒక పదార్థం ఇస్తాం. దాని గుణాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపును ఫంక్షనల్ గ్రూప్ అంటారు. అదేదో విద్యార్థి కనిపెట్టాలి. సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో వేస్తే బుసబుసా పొంగితే ఆమ్లం. టోలెన్స్ రీఏజెంట్‌తో వేడి చేసినప్పుడు గాజు గొట్టం లోపల వెండి అద్దం కడితే ఆల్డిహైడ్. మా పిల్లల పద్ధతి వేరు. వాసన చూసి పేరు తేల్చుకుంటారు, చెయ్యని పరీక్షలకు కూడా ఫలితాలు రాసేస్తారు. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి అలసిపోయాను.

ఆ రోజు బ్యాచ్ మొత్తానికి బెంజాల్డిహైడ్ ఇచ్చాం. అందరూ రాయడం ముగిస్తున్నారు. స్రవంతి మాత్రం ఇంకా గొట్టం పట్టుకునే ఉంది. కిందటేడు ఇందులోనే తప్పింది. మళ్ళీ తప్పితే డిగ్రీ రాదు, మందుల కంపెనీలో ఖాయమైన ఉద్యోగం పోతుంది.

"బాదం వాసన గంత కొడుతుంటే ఇంకేం చూస్తున్నవే?" అంది పక్క బల్ల అమ్మాయి.

"నాకు వాసన యాడొస్తది? కరోనా అయినకాంచి అగర్‌బత్తి గూడ తెలుస్తలేదు." స్రవంతి నావైపు తిరిగింది. "సార్, ఇది పొంగుతున్నది. వెండి అద్దం గూడ ఒచ్చింది. ఏం రాయాలె?"

"కనబడింది రాయమ్మా," అన్నాను.

ఆమ్లం, ఆల్డిహైడ్ రెండూ రాసింది. ఎగ్జామినర్ గుంటూరు వైపు ఆయన. ఆమె పేపరు మీద ఎర్ర సున్నా చుట్టారు.

"ఆల్డిహైడ్ ఒక్కటేనండీ. ఎవరికీ పొంగంది ఈ అమ్మాయికే ఎందుకు పొంగుద్ది?"

సీసా తెప్పించి చూశాను. మూతి చుట్టూ తెల్లటి పలుకులు కట్టి ఉన్నాయి. బెంజాల్డిహైడ్‌కు గాలి తగులుతూ ఉంటే కొంత బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది. సీసా ఎంత పాతదో!

ప్రిన్సిపాల్ నన్ను పక్కకు లాగారు. "జర ఊకోండి సార్. పాత కెమికల్ ఇచ్చిన్రని తెలిస్తే మనకే పరేషాన్. ఒక్క పిల్ల కోసం గింత లొల్లి అవసరమా?"

నా సంసారం ఆ జీతం మీదే నడుస్తోంది. అయినా ఎగ్జామినర్ ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "దయచేసి ఒక్కసారి మీ చేత్తో చేసి చూడండి," అని బతిమాలాను.

విసుక్కుంటూనే బైకార్బొనేట్ ద్రావణంలో నాలుగు చుక్కలు వేశారు. నురగ పైకి పొంగింది. ఆయన కాసేపు దాన్నీ, తర్వాత మిగతా పేపర్లనూ చూశారు.

"మరి వీళ్ళంతా ఏం చూసి రాశారండీ?"

ఆయన సున్నా కొట్టేసి స్రవంతికి మార్కులు వేశారు. మిగతావాళ్ళ మార్కులు మాత్రం ముట్టుకోలేదు. ప్రిన్సిపాల్ చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

సాయంత్రం మెట్ల దగ్గర స్రవంతి ఎదురైంది. "ఉన్నది ఉన్నట్టు రాశావమ్మా, సంతోషం," అన్నాను.

"వాసన ఒస్తే నేను గూడ అందరి లెక్కనే రాస్తుంటి సార్," అంది నవ్వుతూ.

నా ఉపదేశాల విలువ ఎంతో అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి క్లాసులో ఉపదేశాలు మానేసి, వాసనతో పేరు తేలకుండా ప్రతి సీసాలో రెండు పదార్థాలు కలిపి ఇస్తున్నాను. పిల్లలు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకుంటూనే గొట్టాలు కడిగి పరీక్షలు మొదలుపెడతారు.