వియ్యంకుడు జరిపిన గోడ

కిర్గిజ్ కొండల్లోని నరీన్‌లో బుర్మకాన్‌ని ఏడుపులు పోగేసే పంతులమ్మ అంటారు. చావింట్లో ఆడవాళ్ళు రాగం తీసి పాడే శోకాల కోసం ఆవిడ కొండ పల్లెలన్నీ తిరిగింది. పాడిన ముసలమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ గొంతులన్నీ ఒక్క పాత కంప్యూటర్లో ఉన్నాయి: ఒక భాగంలో బడి పనులకి విండోస్, రెండో భాగంలో లినక్స్, అందులో శోకాలు. కాపీ దాచిన డిస్కు చలికాలానికి ముందే చెడిపోయింది. కొత్తది కొనాలి, కొనలేదు.

అలాంటి రోజుల్లో కూతురు జిపార్ మామగారు షేర్గాజీ వచ్చాడు. వియ్యంకుడి మాట కాదనకూడదు. దీన్ని అక్కడ మర్యాద అంటారు. ఆడపిల్ల తల్లి నోటికి వేసిన తాళమని ఎవరూ అనరు. వియ్యంకులకి పెట్టే గొర్రె తోక కొవ్వూ కార్జమూ తిని చెయ్యి తుడుచుకుంటూ, విండోస్‌లో చోటు నిండిందన్న హెచ్చరిక చూశాడాయన. ఒకప్పుడు గనుల్లో ఇంజనీరు. లినక్స్ వైపు అంత ఖాళీ ఉంటే ఇబ్బందేమిటి, మధ్య గోడ కాస్త అటు జరిపితే సరి అన్నాడు.

గోడ జరపడమంటే ఏమిటో బుర్మకాన్‌కి తెలుసు. అవతలి సరుకంతా ముక్కముక్కలుగా కదలాలి, ఆ మధ్యలో కరెంటు పోకూడదు. అందుకే ముందు కాపీ తీసుకుందామని మెల్లిగా అంది.

"నామీద నమ్మకం లేదా చెల్లెమ్మా? పిల్లనే నమ్మి పంపావు, ఈ డబ్బా ఎంత?"

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో జిపార్ కాపురం ఉంది. బుర్మకాన్ కుర్చీలోంచి లేచి ఆయనకి చోటిచ్చింది.

పని సగమైనా కాకముందే ఖాళీ టీ గిన్నె ముందుకు తోశాడు. పొయ్యి చల్లారింది. హీటరు నడుస్తుండగా టీ నీళ్ళు కాచే కరెంటు సమోవార్ కూడా పెడితే ఫ్యూజు ఆగదని చెప్పింది. పోనీ హీటరు ఆపబోతే, మోకాళ్ళ నొప్పులని అడ్డుకున్నాడు.

"ఈ ఇంట్లో వియ్యంకుడికి టీ కూడా లెక్క చూసి పోస్తారన్నమాట."

ఆవిడే తన చేత్తో సమోవార్ ప్లగ్గు పెట్టింది. తెర నల్లబడింది.

ఫ్యూజు వేశాక విండోస్ బాగానే లేచింది. రెండో భాగంలో ఏముందో కంప్యూటరుకే తెలియలేదు.

"పాతది కదా చెల్లెమ్మా, కొత్తది కొనుక్కో."

"పర్లేదు అన్నయ్యగారూ," అని మిగిలిన మాంసం మూటగట్టి ఇచ్చింది.

తర్వాత రాజధాని బిష్కెక్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఒకతను ఏవో తునకలు బయటికి తీశాడు. ఎవరు ఎవరికోసం ఏడుస్తున్నారో తెలియని ఏడుపులు.

కంప్యూటర్ చెడిన వారమే జిపార్ ఫోన్ చేసింది. మామయ్య నీ కంప్యూటర్ బాగుచేసి వచ్చానని ఊరంతా చెప్పుకుంటున్నారు, నిజమేనా అని అడిగింది. ఫోన్‌లో ఆమె వెనకే అత్తవారింటివాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"నిజమేనమ్మా," అంది బుర్మకాన్. "చాలా శ్రమపడ్డారు."