నాగన్నకు చెవుడు

మా ఈరన్న సార్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ప్లాస్టిక్ బొమ్మకు చెవుడు ఉందని ఆయన గట్టి నమ్మకం. మిగతా అన్ని విషయాల్లోనూ ఆయన మనలాంటి మనిషే.

వనపర్తి వైపు కొత్తగా పెట్టిన మెడికల్ కాలేజీ మాది. మాకు ముందు చేరింది ఒక్క బ్యాచే. గోడలకు ఇంకా రంగు వాసన పోలేదు. పాఠం చెప్పేవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఎక్కువ. రోగి మీద చెయ్యి వేసే ముందు బొమ్మ మీద నేర్చుకోవాలన్నది ఇప్పటి పద్ధతి కాబట్టి మాకూ ఒక బొమ్మ వచ్చింది. దానికి నాడి ఆడుతుంది, గుండె కొట్టుకుంటుంది, మాట ఒక్కటే రాదు. ఆ కొరత ఈరన్న సార్ తీర్చేవారు. గద్వాల నేతవాళ్ల ఇంట పుట్టిన పెద్దాయన, రిటైరయ్యాక కూడా ఇంట్లో కూర్చోలేక మా కాలేజీకి వచ్చారు. బొమ్మకు నాగన్న అని పేరు పెట్టి, లింగాల దగ్గర పల్లికాయ పండించే రైతును చేసి, తన తల్లి నేసిన పాత గద్వాల చీర ఒకటి ఇంటి నుంచి తెచ్చి కప్పారు.

ల్యాబులో మొదటి రోజు భార్గవి స్టెతస్కోపు తీసి నేరుగా బొమ్మ ఛాతీ మీద పెట్టబోయింది.

"ఆగు బిడ్డా. ఆయన్ను అడిగినవా?"

"బొమ్మే కదా సార్!"

"నీకు బొమ్మ. వాళ్లింట్ల ఆయన పెద్దమనిషి. అడుగు."

"గుండె చూడాలి పెద్దనాయినా, చూస్తున్నా" అంది భార్గవి గబగబా.

సార్ వంగి, బొమ్మ నోటి దగ్గర చెవి పెట్టి విని, మా వైపు తిరిగారు. "ఏమంటున్నవో ఇనపడ్తలేదంట. చెవుడు, పాపం. జర మెల్లగ, ఒక్కొక్క మాట రెండుసార్లు చెప్పాలె. అందరూ గట్లనే చెప్పాలె."

అంతే, ఆ రోజు నుంచి మా ల్యాబు ముందు పోయేవాళ్లు నవ్వుకుంటూ పోయేవాళ్లు. లోపల డాక్టర్లు కాబోయేవాళ్లు పాతికమంది "ఎక్కడ... ఎక్కడ... నొస్తుంది... నొస్తుంది?" అంటుంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు? ఉమేష్‌కు ఓపిక నశించి ఒకసారి అరిచాడు.

"అరిస్తే చెవుడు పోతదా?" అన్నారు సార్. "బెదురుతడు. అలిగిండు చూడు, మొఖం అటు తిప్పిండు." నాగన్న అలిగిన రోజు ఉమేష్‌కు మార్కులుండవు.

"చెవి మిషన్ పెట్టిద్దాం సార్" అని బతిమాలాడు ఉమేష్.

"మొన్ననే పెట్టిచ్చిన. చేనుల పడగొట్టుకున్నడు."

ఇక నా సంగతి. నాది అమరచింత, పేరు ఇమ్మానుయేల్. ఈ పేరు రాయడం నాకు సులువు, పలకడం గండం. చిన్నప్పటి నుంచి నత్తి. ఎంట్రెన్సులో నోరు తెరవాల్సిన పని లేదు కాబట్టి సీటు వచ్చింది. వచ్చాక తెలిసింది, డాక్టరు పనిలో సగం నోటితోనే అని. ల్యాబుకు ముందు రోజు, ఈరన్న సార్ మొదటి క్లాసులో పేరు చెప్పడానికి లేచి 'ఇ' దగ్గరే నిలబడిపోయాను. క్లాసంతా నవ్వింది. రోగిని ఎక్కడ నొస్తోందని అడగలేనివాడు డాక్టరెట్లా అవుతాడు? ఆ సాయంత్రమే సీటు వదులుకుందామని బట్టలు సర్దుకున్నాను.

ఆ సంచి మళ్లీ విప్పించింది నాగన్నే. ల్యాబులో అందరూ ఆగి ఆగి మాట్లాడుతుంటే అందులో నా మాట వేరుగా వినిపించేది కాదు. తడబాటు తడబాటులో కలిసిపోయేది. భయం తగ్గాక మాట కూడా కొంచెం దారికొచ్చింది. చెవిటి బొమ్మ దొరకడం నా అదృష్టమనుకున్నాను.

వార్డు పరీక్షకు హైదరాబాదు నుంచి ఎగ్జామినర్ వచ్చారు. నా రోగి కల్వకుర్తి వైపు అలివేలమ్మ. నాకు ముందు ఉమేష్ అడిగిన ప్రతిదానికీ ఆమె అవునంది. తెగ భయపడుతూ నేను మొదలుపెట్టాను.

"అవ్వా... అవ్వా... ఆయాసం... ఆయాసం... ఎప్పటిసంది?"

ఎగ్జామినర్ గడియారం చూసుకున్నారు. అవ్వ మాత్రం లేచి కూర్చుంది. "గిట్ల అడిగితే చెప్తగద బిడ్డా! ఇందాకటి పిలగాడు బస్సు తప్పిపోతున్నట్టు అడిగిండు. ఏదడిగినా అవునన్న, తిప్పల తప్పుతదని." అని రోగమంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నేను పాసయ్యాను.

ఆ ఆనందంలో ఈరన్న సార్ దగ్గరికి పరుగెత్తాను. తీరా ఎదురుగా నిలబడితే ఒక్క మాట పెగల్లేదు.

"నాకెందుకు, పోయి నాగన్నకు చెప్పుపో" అని నవ్వి ఆయన బస్సెక్కారు. ఆ ఎండాకాలం సెలవుల్లోనే గద్వాలలో, నిద్రలో పోయారు.

కాలేజీ తెరిచాక ల్యాబు చూసుకునే యేసయ్య, చీర మడతపెడుతూ అన్నాడు. "మీకంటే ముందు పిల్లలున్నప్పుడు నాగన్నకు చెవులు మంచిగనే ఇనపడుతుండె. మీరు జేరిన వారమే చెవుడొచ్చింది."

నేను చీర రెండో కొస అందుకున్నాను. రెండుసార్లు చెప్పడం నేర్పిన మనిషికి ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పుకోలేకపోయాను. ఎన్ని గుండెలు విన్నా నాకు ఈ వెలితి తీరదు.

ఇప్పుడు ఆఖరి ఏడాది చదువుతూ ల్యాబులో జూనియర్లకు సాయం చేస్తున్నాను. నాగన్న పాతబడ్డాడని కొత్త బొమ్మ వచ్చింది. ఇది కళ్లార్పుతుంది, కంప్యూటర్ గొంతుతో టకటకా బదులు కూడా చెబుతుంది. మొన్న మానస అనే అమ్మాయి దాని ముందు నిలబడి, "పె... పె..." దగ్గర ఆగిపోయింది. వెనుక నవ్వులు మొదలయ్యాయి.

నేను గొంతు స్విచ్చి కట్టేసి, వంగి, బొమ్మ నోటి దగ్గర చెవి పెట్టాను.

"ఇనపడ్తలేదంట. అందరూ... అందరూ... మెల్లగ... మెల్లగ... చెప్పాలె."

"అన్నా, ఇది కొత్త మెషీన్ కదా!" అన్నారు పిల్లలు.

యేసయ్య మానస వైపు చూశాడు, నా వైపు చూశాడు. బీరువాలోంచి గద్వాల చీర తెచ్చి బొమ్మకు కప్పుతూ, "నాగన్న తమ్ముడే గదా" అన్నాడు. "వాళ్లింట్ల అందరికి చెవుడే."