చాముండేశ్వరి దండెం

చాముండేశ్వరి అగళి పక్కన ఒక పల్లెలో వ్యవసాయ సహాయకురాలు. రోజూ పొద్దున్నే ఫోనుకు వచ్చిన వాతావరణ సందేశాన్ని ఊరికంతా మైకులో చదువుతుంది. చదివే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటుంది. చదివాక ఆకాశం వైపు చూడకుండా మైకు ఆపేస్తుంది. ఈ ఎండాకాలం వాన అన్న రోజు ఎండ కాసింది, ఎండ అన్న రోజు గాలివాన కొట్టింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు, "ఏం మేడమ్, ఈ పొద్దు మీ ఫోను ఏమంటాండాది?" అని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, కొంగు వేలికి చుట్టుకుంటూ.

మొన్న మంగళవారం, సాయంత్రం వడగళ్ల వాన అని చదివింది. చదివి, ఉతికిన బట్టలు ఎప్పటిలాగే దండెం మీద ఆరేసి మండలాఫీసుకు వెళ్లిపోయింది. నాలుగింటికి నిజంగానే వాన పడింది. ఎదురింటి ఉలిగమ్మ వాకిట్లో ఆరబోసిన చింతపండంతా తడిసి నల్లబడింది. ఏడాదంతా ఆ ఇల్లు గడిచేది ఆ పండుతోనే.

"పొద్దున మైకులో చెప్తిని కదవ్వా!" అంది ఆఫీసు నుంచి తిరిగొచ్చిన చాముండేశ్వరి, తడిసిన చాప అంచు పట్టుకుని.

ఉలిగమ్మ కోప్పడలేదు. "నీ మైకు ఎవురు ఇంటారు పాపా? మేము చూసేది నీ దండెం. బట్టలు తియ్యలేదు కదా, వాన రాదులే అనుకుంటిమి."

ఈ రోజు సందేశం పొడి వాతావరణం అంది. ఎండ మండిపోతోంది. చాముండేశ్వరి బట్టలు ఉతికి, తడి చీర భుజాన వేసుకుని దండెం దగ్గర నిలబడిపోయింది. వాకిళ్లలో చింతపండు చాపలు చుట్టి పట్టుకుని, వీధి వీధంతా ఆమె చేతుల వైపే చూస్తోంది.