గీత దాటిన ఎరుపు

మా మావయ్య పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తాడు. ముందు నల్ల గీతల అచ్చు అద్ది, ఆ గీతల లోపల సరిగ్గా కూర్చునేలా ఎర్ర అచ్చు అద్దాలి. ముప్పై ఏళ్లుగా ఆయన ఎరుపు గీత దాటలేదు. నిరుడు దాటింది. రంగు పలచనైందన్నాడు, బల్ల వంకరన్నాడు, చివరికి గుడ్డ మీద కూడా నేరం మోపాడు. విజయవాడ డాక్టరుగారు మాత్రం పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు అన్నారు.

నేను బందరు కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. అంటే మా చుట్టాల్లో దగ్గు నుంచి దోమల దాకా సంజాయిషీ నాదే.

"ఏరా అల్లుడూ, నా బుర్రలో ఏమైందంటావు?"

"పాడైన ప్రోటీన్లు పేరుకున్నాయి మావయ్యా. ఏ కణం చెత్త ఆ కణమే తినేస్తుంది, దాన్ని ఆటోఫజీ అంటారు. నీ కణాల్లో ఆ చెత్తబండి సరిగ్గా తిరగట్లేదు."

"వీధిలో బండి రాకపోతే ఫోన్ చేస్తాం. దీనికెవరికి చెయ్యాలి?"

"దాన్ని కదిలించే మందు కోసం వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. ఆకలేస్తే కణం ఆ పని కాస్త ఎక్కువ చేస్తుందంటారు. అత్త వంట మానేస్తే నీకే మంచిదేమో!"

ఇద్దరం నవ్వాం. ఉపవాసంతో ఈ జబ్బు తగ్గుతుందని ఎవరూ తేల్చలేదన్న ముక్క ఆ నవ్వులో మింగేశాను.

మూడు వారాలకి మళ్లీ వెళ్తే, మావయ్య చొక్కా ఆయనకంటే ఒక సైజు పెద్దదైంది.

"పగలు మెతుకు ముట్టట్లేదు. నువ్వే చెప్పావంటగా!" అంది అత్త.

మావయ్య నన్ను బల్ల దగ్గరికి లాక్కెళ్లాడు. ఊపిరి బిగబట్టి ఎర్ర అచ్చు దించాడు. ఎరుపేమో నల్ల గీతల పువ్వుని వదిలేసి, పెళ్లిలో అలిగిన చుట్టంలా పక్కన కూర్చుంది. ఆయన గుడ్డ వైపు చూడలేదు, నా మొహంలోకే చూస్తున్నాడు.

"కుదిరిందా?"

"బ్రహ్మాండం."

"చూశావా, బండి కదిలింది! ఇక రాత్రి కూడా మానేస్తా."

అప్పుడు కిటికీలో డాక్టరుగారు రాసిచ్చిన మాత్రల అట్ట కనిపించింది. దాదాపు నిండుగా ఉంది.

"ఇవి వేసుకోవట్లేదా?"

"తిన్నాక వేసుకోమన్నారు కదరా. పగలు తినట్లేదుగా."

అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాను.

"మావయ్యా, అచ్చు కుదర్లేదు. అబద్ధం చెప్పాను. ముందు అన్నం తిను, మాత్ర వేసుకో."

ఆయన పడీపడీ నవ్వాడు. "వీడికి ఎప్పుడూ వేళాకోళమే!" అని అత్తతో అంటూ, వణుకుతున్న చేత్తో ఇంకో పువ్వు మీదికి అచ్చు తీసుకెళ్లాడు.

అత్త నవ్వలేదు. గుడ్డ మీద ఎరుపు వైపు చూస్తోంది.