ట్యూబ్‌లైటు కింద బల్లులు

బల్లుల మీద పరిశోధన చేస్తున్నానంటే మా ఓనరాంటీ నమ్మలేదు. "గంత సదువు సదివి బల్లులను సూసుడేంది బిడ్డా?" అంది. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేను కోస్తా నుంచి వచ్చి, ఉప్పల్ దగ్గర చిల్కానగర్‌లో వాళ్లింటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని.

సాయంత్రం వరండాలో ట్యూబ్‌లైటు వెలగగానే పురుగులు మూగేవి, వాటి కోసం బల్లులు చేరేవి. లైటు పక్క చోటు కోసం రెండు మగబల్లులు రోజూ కొట్టుకునేవి. గుర్తు కోసం ఒకదాని వీపు మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టాను, ఇంకోదానికి నీలం చుక్క.

"ఎందుకు కొట్టుకుంటయి?" అని అడిగింది ఆంటీ.

"మంచి చోటు దేనిదైతే ఆడబల్లులు దాని దగ్గరికే వస్తాయండీ. దానికే పిల్లలు ఎక్కువ. ఆ పిల్లలకీ అదే బుద్ధి వస్తుంది. తరతరాలుగా ఇంతే."

ఆంటీ పేపరు చదువుతున్న భర్త వైపు చూసింది. "మా నాయన గూడ ఉప్పల్ల జాగ ఉన్నదనే నన్ను ఈయనకిచ్చిండు."

అంకుల్ పేపరు దించలేదు. కానీ మర్నాటి నుంచి తన కుర్చీ లైటు కిందికి జరుపుకున్నాడు. ఆంటీ సీరియల్ మానేసి నీలం బల్లి పక్షాన కూర్చుంది. ఆయన ఎర్రదాని వైపు. "అరె, ఎనకకు పోతవేంది? జర హిమ్మత్ సెయ్యి!" అని అరిచేవాడు.

విచిత్రంగా, చిన్నదైన ఎర్ర బల్లే రోజూ చోటు నిలబెట్టుకునేది. కొత్త విషయం కనిపెట్టానని పొంగిపోయి మా గైడ్‌కి చెప్పాను. ఆయన నమ్మలేక, స్వయంగా చూడ్డానికి వచ్చారు.

ఆంటీ చాయ్ తెచ్చింది. నీలం బల్లి తోక ఆడిస్తూ లైటు వైపు కదిలింది. అంకుల్ తాపీగా భుజం మీది తువ్వాలు తీసి దాని మీదికి విదిలించాడు. బల్లి పరుగెత్తింది.

గైడ్ గారు నా వైపు చూశారు. తర్వాత అంకుల్ వైపు. "రోజూ ఇలాగే చేస్తారా?"

"రోజెందుకు సార్, అది మీదికొచ్చినప్పుడే."

"గందుకా నాది ఓడిపోతున్నది!" అంటూ ఆంటీ ట్రే కింద పెట్టింది. ఇక వాళ్లిద్దరి పోట్లాట మొదలైంది. గైడ్ గారు చాయ్ పూర్తిగా తాగి, "ఇక్కడ రాసుకున్న కాగితాలు పక్కన పెట్టి వేరే గోడ చూసుకోమ్మా," అని వెళ్లిపోయారు.

ఆ రాత్రి గదిలో కూర్చుని ఏడ్చాను. తర్వాత నాచారంలో ఒక గోదాము గోడ దొరికింది. అక్కడ పెద్ద బల్లులే గెలిచేవి, అందరూ ఊహించినట్టే. నా పట్టా దాంతోనే వచ్చింది. చూడ్డానికి మాత్రం ఎవరూ రాలేదు. ఒంటరిగా కూర్చుని రాసుకుంటుంటే మహా విసుగ్గా ఉండేది.