కళ్ళా, కల్లా?

పటమటలో మా బట్టల కొట్టు అరుగు మీద కూర్చుని కంజీర వాయిస్తూ పాడే దావీదుకు చూపు లేదు. వీధి పాటల్లో ఏ మాటలు ఎక్కువగా వస్తాయో కంప్యూటరుతో లెక్క తీసే రీసెర్చి ఆయన ఒకరు పోయిన వేసవిలో అతని పాటనొకదాన్ని టేపులోకి ఎక్కించుకుని వెళ్ళారు. ఈ రోజు మధ్యాహ్నం వచ్చి, కొట్టు లోపల పద్దులు రాసుకుంటున్న నా చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టారు. అందులో దావీదు పాటను తాగుడు పాటల్లో వేశారు.

నేను ఉండబట్టలేక, “దావీదు పాడింది కళ్ళ మీదండీ, కల్లు మీద కాదు,” అన్నాను.

“మెషిన్‌కి తెలుగు అక్షరాలు లేవు కదండీ. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండూ ఒకటే. ప్రోగ్రాము కల్లు కింద లెక్కేసింది. రిపోర్టు కూడా వెళ్ళిపోయింది,” అని నవ్వేసి, బస్సుకు టైమైందంటూ వెళ్ళిపోయారు.

దావీదు ఆదివారాలు చర్చిలో పాడతాడు. తాగుతాడన్న మాట పుడితే అక్కడ మళ్ళీ పాడనివ్వరు.

రీసెర్చి ఆయన వెళ్ళాక నేను అరుగు మీదికి రాగానే దావీదు అడిగాడు.

“అయ్యగారూ, నా పాట గురించి మిషను ఏమందండీ?”

“కళ్ళు అన్న మాట ఎక్కువుందని కాగితం మీద ఇచ్చింది, దావీదూ.”

“మరే! మొహాన లేనివి పాటలోనన్నా ఉండాలి గదండీ!” అని పగలబడి నవ్వాడు. తర్వాత చెయ్యి చాపాడు. “ఆ కాగితం ఇటివ్వండి. పాస్టరుగారితో చదివిస్తాను.”

వెతికి రేపు ఇస్తానన్నాను. అది నా జేబులోనే ఉంది. పాస్టరుగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. మీరైతే ఇస్తారా?