నెమరక్క నోరు

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినపడేది కాదు. అందరికీ నెమరక్క. పాకెట్టు చేతిలోకి తీసుకోగానే లోపల బిస్కెట్ విరిగిందో లేదో చెప్పేది. మాట తక్కువ, పని శుభ్రం.

వయసులో ఉండగా ఆమె చెవిలో ఎవరో తిడుతూ ఉండేవారు. మాత్రలు మొదలుపెట్టాక ఆ గొంతు ఆగింది. ఏళ్ల తరబడి అవే మాత్రలు. తమ్ముడే ఆసుపత్రికి వెళ్లి తెచ్చేవాడు. డాక్టరు "బాగుందా?" అంటే "బాగుంది సార్" అనేవాడు. జబ్బు సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియకుండా ఆమె జాగ్రత్తపడింది.

తర్వాత్తర్వాత దవడ ఆడటం మొదలైంది. ఖాళీ నోరే, నములుతూ ఉండేది.

"ఏం నెమరక్కా, పొద్దున మేసింది ఇంకా అరగలేదా?" అని పక్క బల్లవాళ్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వితే దవడ కాసేపు దాగేది.

సరుకు తక్కువ పడిన నెలలో సూపర్‌వైజర్ ఆమెను గేటు దగ్గర ఆపాడు.

"నోరు తెరువు."

తెరిచింది. ఏమీ లేదు.

"మింగేశావన్నమాట. ఆ నోరు ఆగాకే లోపలికి రా."

"మాత్రల వల్లేనేమో వదినా, మానేసి చూడరాదూ?" అంది ఇంట్లో మరదలు.

మానేసింది. నోరు ఆగలేదు సరికదా, నాలుక కూడా బయటికి రాసాగింది. కొన్ని వారాలకు పాత గొంతు తిరిగొచ్చింది. ఈసారి దొంగా అని పిలిచేది. ఆమె తలుపు వెనక కూర్చుని దానికి సంజాయిషీ చెప్పుకునేది.

అప్పుడు తమ్ముడు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు ఆమె మొహం చూసి కలం పక్కన పెట్టాడు.

"ఇది మందు వల్ల వచ్చిన కదలిక. మొదట్లోనే చూసుంటే మార్చేవాణ్ణి. ఇన్నేళ్లూ మనిషిని ఎందుకు తీసుకురాలేదు?"

"మీరు రమ్మనలేదు కదా సార్."

డాక్టరు మందు మార్చాడు. సొంతంగా ఆపొద్దన్నాడు. నోరు ఆడటం తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. కొన్నాళ్లకు చెవిలో గొంతు సద్దుమణిగింది. నోరు ఆగలేదు.

తమ్ముడు ఆమెను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు.

"మా అక్క దొంగ కాదు సార్. పిచ్చికి వాడే మాత్రల వల్ల నోరలా ఆడుతుంది, అంతే. డాక్టరే చెప్పాడు."

ఆమె అతని చొక్కా పట్టుకుని లాగింది. అప్పటికే అనేశాడు.

సూపర్‌వైజర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"జనం తినే వస్తువమ్మా ఇది. దొంగవైతే నాలుగు తిట్టి పనిలో పెట్టుకునేవాణ్ణి" అని, గేటు వేయమన్నాడు.